తప్పు ఒకచోట, కేక ఇంకోచోట

ఆత్రేయపురంలో ఒక ఇంటి అరుగు మీద జరిగిన మాటలివి. ఒకరు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన మాస్టారు. రెండోవారు ఆయన మేనకోడలు. హైదరాబాదులో కార్ల కంట్రోల్ యూనిట్లకి ప్రోగ్రాములు రాస్తుంది, పండక్కి ఊరొచ్చింది. తగువుకి మూలం మాస్టారి దగ్గరికి సందేహాలు తీర్చుకోవడానికి వచ్చే డిప్లొమా కుర్రాడి ప్రాజెక్టు. లొల్ల లాకుల వైపున్న వాళ్ల కొబ్బరితోటలో నీళ్లు రానప్పుడు మోటారు కాలిపోకుండా ఆపేసే చిన్న పెట్టె చేస్తున్నాడు. చిప్పు ఏవీఆర్ కుటుంబంలోని ఏటీమెగా328, భాష సి. కంపైల్ చేస్తే తెర నిండా ఎర్రర్లు. లాప్‌టాప్ మాస్టారి ముందు పెట్టి, కరెంటొచ్చే వేళయిందని తోటకి వెళ్లిపోయాడు.

మాస్టారు: చూశావుగా వరస. సెమికోలన్ పెట్టడం రాదు, మోటారు ఆపే పెట్టె చేస్తాట్ట. మా రోజుల్లో ప్రాక్టికల్స్‌లో సింటాక్స్ ఎర్రర్ వస్తే ఎగ్జామినర్ ముందు తలెత్తేవాళ్లం కాదు.

మేనకోడలు: పోయింది సెమికోలనే అని మీకెలా తెలుసు మావయ్యా? ఇంకా ఎర్రర్ చదవనేలేదు కదా.

మాస్టారు: చదవక్కర్లేదే. తెర ఇంత ఎర్రగా ఉందంటే పోయింది సెమికోలనో బ్రాకెట్టో. కంపైలర్ అబద్ధం చెప్పదు. అది చెప్పింది చదివే ఓపిక వీళ్లకి లేదు, అంతే.

మేనకోడలు: సరే, అది చెప్పిందే చదువుదాం. మొదటి ఎర్రర్ అసలు వాడి ఫైల్లోనే లేదండి. ఎస్‌టీడీఇంట్ అనే హెడర్లో ఉంది. అది కంపైలర్‌తో పాటు వచ్చే ఫైలు, వాడు ముట్టుకున్నది కాదు. ‘ఇంట్8_టీ అనే పారామీటర్‌కి స్టోరేజ్ క్లాస్ పెట్టారు’ అంటోంది. దాని కింద ఇంట్16_టీకి అదే మాట, ఇంట్32_టీకి అదే మాట. అన్నీ దాటి వెళ్తే మెయిన్‌లో ‘{’ ముందు ఈక్వల్ టూ గానీ కామా గానీ సెమికోలన్ గానీ ఉండాలిట. చిట్టచివర, ఫైలు అయిపోయాక, ‘{’ కావాలిట. వాడు ఏం చేశాడో చెప్పనా? సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాడు. కంపెనీ ఇచ్చిన ఫైల్లో తప్పుందని కంపైలరే చెప్తుంటే ఎవరైనా అదే చేస్తారు. మీరు ఓపిక లేదంటున్నారు. వాడు నమ్మకంగా చదివే చెడిపోయాడు.

మాస్టారు: లైను నంబరు పట్టుకుని అక్కడే వెతకడం చదవడమా? పైకి చూడాలి. ఎస్‌టీడీఇంట్ కంటే ముందు ఏ ఫైలు కలిపాడో చూడు.

మేనకోడలు: వాడు రాసుకున్న మోటార్ హెడరు. చివరి వరుస ‘వాయిడ్ మోటార్_ఇనిట్(వాయిడ్)’. ఆ పక్కన ఏమీ లేదు.

మాస్టారు: సెమికోలన్ లేదు! నేను చెప్పలా?

మేనకోడలు: మీరు ఊహించారు. ఏళ్ల తరబడి చూసిన కళ్లు కాబట్టి ఊహ తగిలింది. వాడికి ఆ కళ్లు ఎక్కడివి? సెమికోలన్ పోయింది ఒక ఫైల్లో, కేక వేసింది ఇంకో ఫైల్లో, ఆ మొదటి కేకలో సెమికోలన్ మాటే లేదు. దీన్ని నిజం చెప్పడం అంటారా?

మాస్టారు: అంటాను. ఎందుకో విను. కంపైలర్ ప్రోగ్రామంతా ముందేసుకుని మనలా ఎగాదిగా చూడదు. ఒక్కో ముక్కా తీసుకుంటూ ముందుకెళ్తుంది. ఇంతవరకూ చదివినదానికి ఇంకేదైనా తగిలిస్తే సరైన ప్రోగ్రాం అయ్యే దారి ఒక్కటి మిగిలినా నోరెత్తదు. ఆ దారి మూసుకుపోయిన మొదటి ముక్క దగ్గర ఆగి కేకేస్తుంది. అంచేత లైను నంబరంటే తప్పు జరిగిన చోటు కాదు, కంపైలర్ ఆశ వదిలిన చోటు. మన పూతరేకులు తీసేవాళ్లని అడుగు. రేకు చిరిగేది కుండ మీద. తప్పు జరిగేది బియ్యం నానబెట్టి పిండి రుబ్బినప్పుడు. కుండని తిడతామా?

మేనకోడలు: తిట్టం. కానీ రేకు తీసే ఆవిడకి పిండి చూడమని చెప్పిన అత్తగారో అమ్మో పక్కనే ఉంటారు మావయ్యా. వీడికి లైను నంబరు చూడమన్నారు గానీ ఆ నంబరుకి అర్థం ఏంటో ఎవరూ చెప్పలేదు. మీరు ఇప్పుడన్న మాట, ఆశ వదిలిన చోటన్నది, మీ ల్యాబ్ రికార్డులో ఏ పేజీలోనైనా ఉందా?

మాస్టారు: ... ఉండదు. రికార్డులో ఎయిమ్, ఆల్గరిదమ్, ప్రోగ్రాం, అవుట్‌పుట్ ఉంటాయి. ఎర్రర్‌కి చోటు లేదు.

(ఇది ఒక్క పాలిటెక్నిక్ సంగతి కాదు. మన రికార్డుల్లో ప్రతి ప్రోగ్రామూ మొదటిసారికే పనిచేసినట్టే ఉంటుంది.)

మేనకోడలు: సరే, ఇంకో సంగతి. సెమికోలన్ లేదు, వెంటనే ఎస్‌టీడీఇంట్‌లో టైప్‌డెఫ్ వచ్చింది. ఆ మొదటి ముక్క దగ్గరే ‘ఇక్కడ సెమికోలన్ కావాలి’ అని ఎందుకు అనలేదు? పారామీటర్ గోల ఎక్కణ్ణించి పుట్టింది?

మాస్టారు: దానికి 1978 దాకా వెళ్లాలి. కెర్నిగన్, రిచీ పుస్తకం వచ్చిన ఏడు. అప్పటి సిలో ఫంక్షన్ రాసే పద్ధతి వేరు. బ్రాకెట్లో పారామీటర్ల పేర్లే ఉండేవి. వాటి రకాలు ఆ కింద వరుసల్లో, ‘{’కి ముందు, ఒక్కొక్కటిగా చెప్పేవాళ్లం. 1989లో అన్సీ ప్రమాణం వచ్చి రకాలని కూడా బ్రాకెట్లోకి తెచ్చింది. అయినా పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని పాత పద్ధతినీ ఉంచేశారు. ఇప్పుడు మీ జీసీసీ కంపైలర్ ఏం చేసింది? ‘వాయిడ్ మోటార్_ఇనిట్(వాయిడ్)’ చదివింది. సెమికోలన్ రాలేదు, టైప్‌డెఫ్ వచ్చింది. ‘ఓహో, పాత కాలపు పెద్దమనిషి, పారామీటర్ల రకాలు చెబుతున్నాడు’ అనుకుంది. ఆ లెక్కన ఇంట్8_టీ ఒక పారామీటరు. టైప్‌డెఫ్‌ని సి వ్యాకరణం స్టాటిక్, ఎక్స్‌టర్న్‌ల వరసలో స్టోరేజ్ క్లాస్‌గానే లెక్కేస్తుంది. పారామీటర్‌కి స్టోరేజ్ క్లాస్ ఏంటని అడిగింది. దాని లెక్కలో అది అడిగింది సబబే.

మేనకోడలు: మెయిన్ దాకా వచ్చినా అది ఇంకా మోటార్_ఇనిట్ పారామీటర్లే చదువుతోందన్నమాట.

మాస్టారు: అంతే. మెయిన్ కూడా పారామీటరే అనుకుంది కాబట్టే దాని ‘{’ చూసి ఉలిక్కిపడింది. మోటార్_ఇనిట్‌కి రావలసిన ‘{’ కోసం ఫైలు చివరిదాకా ఎదురుచూసింది. ‘ప్రోటోటైప్ ఉన్న ఫంక్షన్‌కి పాత పద్ధతి పారామీటర్లేంటి’ అని ఒక ఎర్రర్ మధ్యలో ఇచ్చే ఉంటుంది, చూడు.

మేనకోడలు: ఉంది. అన్నిటికన్నా పనికొచ్చే మాట అదే, అది అడుగున పడిపోయింది.

మాస్టారు: మరి! ప్రతి మాటా నిజమే చెప్పింది. వ్యాకరణం అలా ఉంది, అది పాటించింది. తప్పు దానిది కాదు.

మేనకోడలు: ఇక్కడే మీతో ఒప్పుకోను. వ్యాకరణం ఒకటే అయినా క్లాంగ్ అనే ఇంకో కంపైలర్ ఉంది. ఇదే ఫైలు దానికి ఇస్తే మోటార్ హెడర్ చివరి వరుసలో, కుడి బ్రాకెట్ పక్కన వేలు పెట్టి, ‘డిక్లరేషన్ తర్వాత ; కావాలి’ అంటుంది.

మాస్టారు: అదెలా తెలుసుకుంది?

మేనకోడలు: మీరు చెప్పిన కథలోనే ఉంది జవాబు. పాత పద్ధతి ఫంక్షన్‌కి బ్రాకెట్లో వట్టి పేర్లుండాలి. ఇక్కడ ‘వాయిడ్’ అని ఉంది. ఆ ఒక్క మాట ఉన్నాక ఇది పాత పద్ధతి అయ్యే ప్రసక్తే లేదు. క్లాంగ్ రాసినవాళ్లు ఆ సంగతి అక్కడికక్కడే చూసుకోమన్నారు. జీసీసీ వాళ్లు ‘ముందు చదివేద్దాం, తర్వాత తిడదాం’ అన్నారు. రెండూ వ్యాకరణానికి కట్టుబడ్డవే. ఒకటి రాసినవాళ్లు చదివేవాణ్ణి తలుచుకున్నారు, రెండోవాళ్లు తలుచుకోలేదు. కంపైలర్ అబద్ధం చెప్పదంటారు మీరు. నిజం ఎలా చెప్పాలన్నది మాత్రం మనుషులు తీసుకున్న నిర్ణయమే.

మాస్టారు: ఇది నాకు తెలీదు. బాగుంది. కానీ ఒక్క కేసు పట్టుకుని సిద్ధాంతం కట్టకు. ఆ పాత పద్ధతి భాషలో ఉన్నన్నాళ్లూ ఏ కంపైలరూ దాన్ని పూర్తిగా వదిలించుకోలేదు.

మేనకోడలు: భాషలోంచే తీసేశారండి. సి23 అని పిలిచే ప్రమాణం 2024లో అచ్చయింది. అందులో ఆ పద్ధతి లేదు.

మాస్టారు: 1978 పుస్తకంలో ఉన్నదానికి 2024లో సెలవా! మంచిదే. పోనీ, అలాంటి అతి స్వేచ్ఛ భాషలో ఇంకా ఉంది. కుర్రాళ్లు ‘}’ మర్చిపోతే ఏమవుతుందో చెప్పు.

మేనకోడలు: అది ఇంకా అన్యాయం. వంద వరుసల ఫైల్లో పదో వరుసలో ‘}’ పోతే, ‘ఇన్‌పుట్ అయిపోయింది, ఇంకా ఏదో ఉండాలి’ అని నూరో వరుస చూపిస్తుంది.

మాస్టారు: ఎందుకని?

మేనకోడలు: ఫంక్షన్ లోపల ఫంక్షన్ రాసుకోవడం జీసీసీ సొంతంగా ఇచ్చిన సదుపాయం, సి ప్రమాణంలో లేదు. దాంతో ఒక ఫంక్షన్ మూయకుండా రెండోది మొదలెట్టినా అభ్యంతరం చెప్పదు. లోపలి ఫంక్షన్ అనుకుని సాగిపోతుంది. ఆ రెండోది స్టాటిక్ అయితే మాత్రం ‘ఈ ఫంక్షన్‌కి స్టోరేజ్ క్లాస్ కుదరదు’ అంటుంది. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఆ మాట చూసి స్టాటిక్ తీసేస్తారు. ఎర్రర్ పోతుంది, ఇంకోటి కిందకి జారుతుంది. నిజానికి ఆ మాటకి అర్థం ఒకటే: పై ఫంక్షన్ తలుపు వెయ్యలేదు.

మాస్టారు: మరి ఇది నేర్పించే విషయమా, కంపైలర్ మార్చే విషయమా? నువ్వు ఆ అర్థం ఎలా తెలుసుకున్నావు? దెబ్బతిని. వీళ్లనీ తిననీ.

మేనకోడలు: దెబ్బ తినడానికి అడ్డం లేదు, దెబ్బెందుకు తగిలిందో తెలియాలి. మాక్రోల సంగతే చూడండి. ఈ కుర్రాడి ఫైల్లోనే ఉంది. ‘డిఫైన్ మోటార్_పిన్ 5;’ అని రాశాడు. డిఫైన్ చివర సెమికోలన్. మీరు వరుస చివర సెమికోలన్ పెట్టమని పదేపదే చెప్పారు కదా, పెట్టాడు. ఆ డిఫైన్ వరుస మీద ఏ ఎర్రరూ రాదు. ఎక్కడో కింద మోటార్_పిన్ వాడిన చోట ‘; ముందు ) కావాలి’ అంటుంది. ఆ వరుసలో బ్రాకెట్లన్నీ సరిగ్గా ఉన్నాయి. వాడు వేళ్లతో లెక్కపెట్టుకుంటాడు, సరిపోతాయి, మళ్లీ లెక్కపెట్టుకుంటాడు.

మాస్టారు: వాడి కళ్ల ముందున్న వరుస వేరు, కంపైలర్ చదివిన వరుస వేరు. సి ప్రమాణంలో అనువాదానికి ఎనిమిది దశలు చెప్పారు. మాక్రోలు విప్పేది నాలుగో దశ. వ్యాకరణం చూసేది ఏడో దశ. ఏడో దశలో ఉన్నవాడికి మోటార్_పిన్ అన్న పేరే చేరదు, ‘5;’ అన్న రెండు ముక్కలే చేరతాయి. ఇది మాత్రం నేను క్లాసులో చెప్పాను.

మేనకోడలు: బోర్డు మీద దశలు రాసి చెప్పారు. విప్పిన ఫైలు తెరిచి చూపించారా? జీసీసీకి ‘ఈ’ ఆప్షన్ ఇస్తే మాక్రోలన్నీ విప్పేసి మన ముందు పెడుతుంది. ఒక్కసారి ఆ ఫైలు చూసినవాడు జన్మలో డిఫైన్ చివర సెమికోలన్ పెట్టడు.

మాస్టారు: ...చూపించలేదు. ఇదిగో, ఇక్కడ ఇంకోటుంది. ‘యూఇంట్8_టీ పీబీ0 = 1;’ అని రాశాడు. వరుసలో తప్పేమీ లేదు. ఎర్రరేమో ‘అంకె ముందు ఒక పేరు గానీ ( గానీ ఉండాలి’ అంటోంది. అంకెక్కడుంది?

మేనకోడలు: దీన్ని మీకే వదిలేస్తాను, దశలు చెప్పిన మాస్టారు మీరే కదా.

మాస్టారు: ఆగు... పీబీ0 ఏవీఆర్ హెడర్లో ముందే మాక్రో. విప్పితే పోర్ట్‌బీ0, దాన్ని విప్పితే సున్నా. అంటే కంపైలర్‌కి చేరింది ‘యూఇంట్8_టీ 0 = 1’. సున్నాని వేరియబుల్ చేస్తున్నావేంట్రా అంటోంది. హెడర్లో ఏ పేర్లున్నాయో చూసుకోకుండా పిన్ను పేరే వేరియబుల్‌కి పెట్టాడు.

మేనకోడలు: అవునండి. పీసీ మీద సి నేర్చుకున్నవాడికి ఈ బెడద తక్కువ. చిప్పుకి రాసేవాడికి ఎక్కువ. హెడర్ ఒక్కటి కలిపితే రిజిస్టర్ల పేర్లు, పిన్నుల పేర్లు, బిట్ల పేర్లు వందలకొద్దీ మాక్రోలుగా వచ్చి పడతాయి. పొట్టి పెద్దక్షరాల పేర్లన్నీ ఎవరో ఒకరు ముందే ఆక్రమించేసి ఉంటారు. ఎంబెడెడ్‌లో సింటాక్స్ ఎర్రర్ ఇంత తికమకగా ఉండటానికి సగం కారణం అదే. మిగతా సగం, ఒక్కో కంపెనీ సికి ఒక్కో యాస.

మాస్టారు: యాస అంటే కీల్ సంగతేనా?

మేనకోడలు: కీల్ ఒక్కటే కాదు గానీ, మన కాలేజీల్లో 8051 చిప్పు అంటే కీల్ వాళ్ల సి51 కంపైలరే కదా. ‘ఎస్‌బిట్ ఎల్‌ఈడీ = పీ1^0;’ అని నేర్పుతారు. ఇది సి కాదు, కీల్ వాళ్లు 8051 కోసం కలుపుకున్నది. సిలో ^ అంటే ఎక్స్‌క్లూజివ్ ఆర్. ఎస్‌బిట్ వరుసలో మాత్రం ఒకటో పోర్టులో సున్నా బిట్ అని అర్థం. ఇంటికెళ్లి కుర్రాడు ఉచితంగా దొరికే ఎస్‌డీసీసీ కంపైలర్ ఎక్కించుకుని అదే ప్రోగ్రాం ఇస్తే ‘సింటాక్స్ ఎర్రర్, టోకెన్ ఎల్‌ఈడీ’ అంటుంది. ఎస్‌బిట్ అన్న మాట తెలీదని అనదు, దాని పక్కనున్న ఎల్‌ఈడీని పట్టుకుంటుంది.

మాస్టారు: మన సందీప్ దత్తా మొదలుపెట్టిన కంపైలరే కదా అది. అదీ అంతేనా?

మేనకోడలు: యాక్ కుటుంబంలోది మరి. 1970ల్లో బెల్ ల్యాబ్స్‌లో స్టీవ్ జాన్సన్ యాక్ చేశాడు. వ్యాకరణం రాసిస్తే దాని ప్రకారం చదివే ప్రోగ్రాం, అంటే పార్సర్, అదే తయారుచేసి పెడుతుంది. ఆ ప్రోగ్రాం దారి మూసుకుపోతే మారుమాట లేకుండా ‘సింటాక్స్ ఎర్రర్’ అంటుంది. కంపైలర్ రాసేవాళ్లు అంతకంటే మంచి మాట కావాలంటే కష్టపడి చేర్చుకోవాలి. చాలామంది చేర్చుకోలేదు. జీసీసీ వాళ్లు 2006లో 4.1 వెర్షన్‌తో సి కోసం ఆ పద్ధతే వదిలేసి చేత్తో రాసిన పార్సర్‌కి మారారు.

మాస్టారు: నన్నడిగితే ఆ ఒక్క మాటే మేలు. ‘సింటాక్స్ ఎర్రర్’ అంటే నువ్వే వెతుక్కో అని. ఎక్కువ చెప్పడం మొదలెడితే ఊహలు కలుపుతుంది. 1970ల్లోనే కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు విద్యార్థుల కోసం పీఎల్‌సీ అనే కంపైలర్ చేశారు. తప్పు కనిపిస్తే తనే దిద్దేసి నడిపించేసేది. కార్డుల రోజులు, ఒక్కో పరుక్కీ గంటలు పట్టేది కాబట్టి చెల్లింది. మోటారుకీ బ్రేకుకీ రాసే ప్రోగ్రాంలో కంపైలర్ ఊహించి దిద్దితే ఒప్పుకుంటావా?

మేనకోడలు: దిద్దమనడం లేదు మావయ్యా. ‘ఇదేమో చూసుకో’ అని వేలు పెట్టమంటున్నా. దిద్దడానికీ చూపించడానికీ చాలా దూరం.

మాస్టారు: అయితే చెప్పు. మీ కార్ల కంపెనీలో రోజూ ఆ మంచి మాటల కంపైలరే వాడతారా?

మేనకోడలు: లేదండి. ప్రాజెక్టు మొదట్లో ఒక కంపైలర్ వెర్షన్ పరీక్షించి ఖాయం చేసుకుంటే బండి మార్కెట్లో ఉన్నన్నాళ్లూ అదే. భద్రత నియమాల కింద టూలుకీ లెక్క చూపించాలి, ఊరికే మార్చడానికి లేదు.

మాస్టారు: దొరికావు! అంటే నువ్వూ పాత కంపైలర్ తిట్లే తింటున్నావు. మెత్తటి మాటలకి అలవాటు పడ్డవాడు అక్కడికి వచ్చాక ఏమవుతాడు? నా కుర్రాళ్లు కీల్‌తో ఏడ్చి నేర్చుకుంటే ఎక్కడైనా బతుకుతారు.

మేనకోడలు: ఏడిస్తే రాదండి, పోల్చి చూస్తే వస్తుంది. నేను చేసేది చెబుతా. అర్థం కాని ఎర్రర్ వస్తే ఆ ముక్క ఒక్కటి తీసి నా సొంత మెషిన్లో క్లాంగ్‌కి ఇస్తాను. అది ఇంకో మాట అంటుంది. రెండు మాటలూ పక్కపక్కన పెడితే మూడొంతులు తేలిపోతుంది. బండికి వెళ్లేది పాత కంపైలరే, నాకు చెప్పేది కొత్తది. మీ కాలేజీ ల్యాబ్‌లో కీల్ ఉండనివ్వండి, సిలబస్ అది. పక్కన రెండోది పెట్టడానికి అడ్డమేంటి?

మాస్టారు: సిలబస్‌లో లేనిది పెడితే ఎవరు చెబుతారు?

మేనకోడలు: ఆ మాట మీరనకూడదు.

(ఇక్కడ కాసేపు మాటలు ఆగాయి. లోపల్నించి టీ వచ్చింది. మాస్టారు కుర్రాడి ఫైలు కిందకి జరుపుతూ కూర్చున్నారు.)

మాస్టారు: ఇది చూడవే. ‘స్ట్రే 342 ఇన్ ప్రోగ్రాం’ట. తర్వాత 200, తర్వాత 214. వరుసలో ఏమీ కనబడటం లేదు. అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

మేనకోడలు: అవి ఆక్టల్ అంకెలండి, కంటికి కనబడని ఒక అక్షరం తాలూకు మూడు బైట్లు. 342, 200, 234 అయితే వంకర కొటేషన్ గుర్తు. వర్డ్‌లో చేసిన ల్యాబ్ మాన్యువల్ నుంచి ప్రోగ్రాం కాపీ చేసుకుంటే వస్తుంది. 302, 240 అయితే మామూలు ఖాళీలా కనబడే వేరే ఖాళీ, పీడీఎఫ్‌ల నుంచి, వెబ్ పేజీల నుంచి దిగుతుంది. ఇది 214, అంటే... వీడు ఫోన్లో తెలుగు కీబోర్డుతో టైప్ చేశాడా?

మాస్టారు: కామెంట్లు తెలుగులో రాస్తాడు. నేనే రాయమన్నాను.

మేనకోడలు: అదీ సంగతి. ‘ఆఫీస్‌లో’ అని రాసేటప్పుడు స, ల కలిసిపోకుండా పొల్లు తర్వాత ఒక కనబడని గుర్తు పడుతుంది కదా, అదే ఇది. కామెంట్ లోపల ఎన్ని ఉన్నా ప్రమాదం లేదు, మూడో దశలోనే కామెంట్లు పోతాయి. వీడు కామెంట్ చెరుపుతూ ఆ గుర్తుని బయట వదిలేశాడు. బ్యాక్‌స్పేస్ కొట్టి వరుస మొత్తం మళ్లీ టైప్ చెయ్యడమే మందు. ఈ మాట ఏ ఇంగ్లిషు పుస్తకంలోనూ దొరకదు, తెలుగులో కామెంట్లు రాసేవాళ్లం మనమే చెప్పుకోవాలి.

మాస్టారు: తెలుగులో రాయడం మానెయ్యమంటావా?

మేనకోడలు: ఛ, ఎందుకు? జీసీసీ 10 నుంచి, అంటే 2020 నుంచి, వేరియబుల్ పేర్లే తెలుగులో పెట్టుకోవచ్చు. కామెంట్లకి ఎప్పుడూ అభ్యంతరం లేదు. ఒక్కటే జాగ్రత్త. రెండు గీతలతో మొదలయ్యే కామెంట్ చివర వెనక్కి వాలిన గీత రాకూడదు. ఫోల్డర్ పేరు రాసి దాంతో ముగించారనుకోండి, రెండో దశలో కింది వరుస వచ్చి ఇందులో అతుక్కుని అదీ కామెంటైపోతుంది. అప్పుడు ఆ వరుసలో డిక్లేర్ చేసిన వేరియబుల్‌ని ‘డిక్లేర్ చెయ్యలేదు’ అని కంపైలర్ అరుస్తుంది. కళ్లెదుటే ఉంటుంది, లేదంటుంది.

మాస్టారు: సరే, మోటార్ హెడర్లో సెమికోలన్ పెట్టాను. డిఫైన్‌లోది తీశాను. పీబీ0 పేరు మార్చాను. ఈ వరుస మళ్లీ టైప్ చేశాను. నొక్కు... తెర నిండా ఉన్నవన్నీ ఏవే?

మేనకోడలు: పోయాయి. నాలుగే తప్పులు. మిగతావన్నీ వాటి పిల్లలు. ఒక ఎర్రర్ తగిలాక కంపైలర్ ఆగిపోకుండా తర్వాతి సెమికోలన్ దాకానో ‘}’ దాకానో దాటేసి మళ్లీ మొదలెడుతుంది. దాటేసినదాంట్లో ఏ డిక్లరేషన్లున్నాయో వాటన్నిటి పేరునా కొత్త ఎర్రర్లు పుడతాయి. అందుకే మొదటిది దిద్ది మళ్లీ కంపైల్ చెయ్యాలి. మొదటి ఎర్రర్‌తో ఆగిపొమ్మనే ఆప్షన్ కూడా జీసీసీలో ఉంది. వీడికది పెట్టేస్తాను.

మాస్టారు: ఇది మాత్రం ఒప్పుకుంటాను. మొత్తం చూపిస్తే బెదిరిపోతారు. అయినా నా మాట నాదే. వ్యాకరణం రాని వాడికి ఎంత మంచి కంపైలర్ ఇచ్చినా పనికిరాదు.

మేనకోడలు: నా మాట నాది. వ్యాకరణం నేర్పకుండా లైను నంబరు ఒక్కటే చూడమన్నవాళ్లకి కుర్రాణ్ణి తిట్టే హక్కు లేదు.

మాస్టారు: నన్నేనా?

మేనకోడలు: మిమ్మల్ని కూడానండి.

మాస్టారు: ...మరి మామూలుగా ఫంక్షన్ మధ్యలో సెమికోలన్ పోతే కింది వరుస చూపిస్తుంది కదా, అదైనా ఎవరైనా బాగుచేశారా?

మేనకోడలు: చేశారు. జీసీసీ 8లో. ఇప్పుడు కింది వరుస మొదలు కాదు, పై వరుస చివర, సెమికోలన్ ఉండాల్సిన చోటే గుర్తు పెట్టి, ‘ఇక్కడ ; పెట్టు’ అని రాసి చూపిస్తుంది.

మాస్టారు: వీడి దాంట్లో రావట్లేదే?

మేనకోడలు: వీడిది ఆర్డువినోతో వచ్చిన ఏవీఆర్ కంపైలర్. అది జీసీసీ 7.3. 2018 జనవరిలో వచ్చిన వెర్షన్. 8.1 ఆ ఏడాది మే నెలలో వచ్చింది.

ల్యాబులు నడిపే మాస్టార్లకి ఒక విన్నపం. ఇంతవరకూ జరిగినదాంట్లో ఎవరి పక్షమైనా తీసుకోండి. ఈ వారం మాత్రం మీ విద్యార్థుల చేత ఒక హెడర్ చివర సెమికోలన్ కావాలనే తీయించి, జీసీసీకి ఒకసారి, క్లాంగ్‌కి ఒకసారి ఇప్పించి, వచ్చిన రెండు జవాబులూ రికార్డులో రాయించండి.